ఉత్త చెంబుకే పడ్డ ట్రిగ్గర్

సెప్టెంబరు 5, శుక్రవారం

లింబాద్రి కారు తెచ్చి దుక్నం ముంగట ఆపిండు. ఎన్క సీట్లకెంచి శైలేందర్ సేటు దిగిండు. నా కొడుకు ఆయన కాడ డ్రైవరు పని చేయవట్టి రెండేండ్లాయె, సేటు ఎన్నడు నా గడప తొక్కలే. ఎల్లారెడ్డిల కుట్టుమిషిన్లు, తాళాలు బాగుచేసె దుక్నంల ఆయనకేం పని.

ఇయ్యాల పని పడ్డది. షెటర్ సగం దించమన్నడు. నడుముకెంచి పిస్టల్ తీసి బల్ల మీద పెట్టిండు. లైసెన్సుది. కామారెడ్డి ప్లాట్ల దందాల పాత పార్ట్‌నర్‌తోని చెడింది, సంపుతమని ఫోన్లు వస్తున్నయట. ట్రిగ్గర్ మస్తు గట్టిగున్నది ఉస్తాద్, గుంజెటాళ్లకు చెయ్యి కదిలి గురి తప్పుతుంది అన్నడు. నువ్వు పోలీసు బెటాలియన్ల తుపాకులు బాగుచేసినవని మీ లింబాద్రి చెప్పిండు అన్నడు.

బాగుచేసుడు ఒక్కటే కాదు. ఆర్మరీల నా చెయ్యి పడనిది ఒక్క తుపాకి బయటికి పోలే. సంతకం పెట్టుడు, తారీఖు రాసుడు గూడ ఆడనే నేర్చిన. ఆఫీసర్లు నన్ను పేరు పెట్టి పిలిచెటోళ్లు.

దీన్ని నేను ముట్టొద్దు. రిటైర్ అయినోనికి పర్మిషన్ లేదు. తెలుసు. ఒక్కపారి ట్రిగ్గర్ గుంజి చూసిన. లోపల గులకరాళ్ల మీద ఎడ్లబండి పోయినట్టు గరగర. చెయ్యి ఊకోలే.

ఉంచి పో అన్న.

సెప్టెంబరు 7, ఆదివారం

విప్పిన. కంపెనీల మిషిన్ మీద కోసి గట్లనే ఇడిసిపెట్టిండ్రు. ముక్కలన్ని గీతలు గీతలు.

లక్ష్మీనర్సమ్మ బీడీలు చుట్టుకుంట అడిగింది, పెసరుగింజంత ముక్కను పొద్దటిసంది ఎందుకు రుద్దుతున్నవయ్యా అని. ఇది పన్ను, హామర్‌ను పట్టుకొని ఆపుతది, ట్రిగ్గర్ గుంజితె ఇడుస్తది, ఇడిస్తె గోలి పేలుతది అని చెప్పిన. గట్లయితె ఆ పన్ను గట్టిగుండుడే మంచిది గద అన్నది. బీడీలు చుట్టుకో అన్న.

ముందు నూనె రాయి. ఎన్క సన్న రాయి. ఆఖరుకు తోలు. మూల మొద్దువారొద్దు. మెరుపు రావాలె గని ఇనుము పోవద్దు. నాకు పని నేర్పిన ఉస్తాద్ గిదే చెప్పెటోడు, వేలు మీద కొట్టి చెప్పెటోడు. భూతద్దం పెట్టి చూస్తె పన్ను మీద బల్బు కనవడ్డది. ఎన్నేండ్లాయె గింత మంచి పని చేయక.

ట్రిగ్గర్ ఎంత బరువుకు పడ్తదో చూసెతందుకు బెటాలియన్ల తూకం రాళ్లు ఉండె. ఇంట్ల లెవ్వు. లక్ష్మీనర్సమ్మ ఇత్తడి చెంబు నిండ నీళ్లు పోసి, ట్రిగ్గర్‌కు తాడుతోని తగిలించి పిస్టల్ పైకి లేపిన. చెంబు లేచింది, హామర్ పడలే. ఇంకొక సీస నీళ్లు కడితె పడ్డది. సరిగ్గ ఉన్నది. ఉండవల్సినంతనే ఉన్నది.

పూజ చెంబుకు తుపాకి నూనె అంటిచ్చినవని పొద్దుమూకెదాంక తిట్టింది.

సెప్టెంబరు 9, మంగళవారం

సేటు గుంజి చూసిండు. ఏం ఫరక్ లేదన్నడు. నాతోని అనలే. లింబాద్రి దిక్కు తిరిగి అన్నడు. మీ బాపు చెయ్యి సల్లవడ్డదిరా, హైదరాబాద్‌ల మిషిన్ మీద చేసెటోడున్నడట, ఆడికే పోదాం పా అన్నడు.

లింబాద్రి తల దించుకున్నడు.

సేటు ఏమన్న అననీ. నా కొడుకు నా దుక్నంల నిలవడి తల దించుకున్నడు.

ఇటు తే అన్న.

సెప్టెంబరు 10, బుధవారం

పన్నును మల్ల రుద్ది ఉత్త చెంబు కట్టిన. పడ్డది.

సెప్టెంబరు 11, గురువారం

సేటు ఏలు పెట్టిండో లేదో టిక్కుమన్నది. ఇంకోపారి పెట్టిండు. ఇంకోపారి. ఎన్నపూస లెక్క ఉన్నది ఉస్తాద్, హైదరాబాదోడు నీ కాళ్లు మొక్కాలె అన్నడు. నా భుజం మీద చెయ్యేసిండు. లింబాద్రి నవ్విండు. బస్టాండ్ కాడ హోటల్లకెంచి చాయ్ తెచ్చింది వాడే.

ఒక్క పని చేయలే. బెటాలియన్ల అయితె తుపాకి చేతికిచ్చెముందు కొయ్య సుత్తితోని ఎన్కకెంచి కొట్టాలె. అదురుకు హామర్ దానంతట అదే పడ్తదా అని చూడాలె. కొట్టలే. యాదికి లేక కొట్టలేదా, పడ్తదని తెలిసి కొట్టలేదా.

రాయబుద్ది అయితలేదు.

సెప్టెంబరు 18, గురువారం

మిషిన్ సామాన్లకు కామారెడ్డి పోయిన. వచ్చెటప్పుడు సేటు ఇటే వస్తున్నడని లింబాద్రి కార్ల ఎక్కిచ్చుకున్నడు. సేటు నన్ను పక్కన కూసోవెట్టుకున్నడు. ఏసీ. నల్లద్దాలు. బంపర్‌కు నిమ్మకాయలు, మిరుపకాయలు.

డ్రైవరు సీటు ఎన్క తోలు సంచి కుట్టిచ్చిండు. పిడి తన చేతికి అందెటట్టు అడ్డంగ కుట్టిచ్చిండు. అండ్ల పిస్టల్. మూతి ముంగటికి.

గోలి ఎక్కించి ఉన్నదా సేటు అని అడిగిన. ఎక్కియ్యక బొట్టువెట్టి మొక్కాల్నా అని నవ్విండు. లింబాద్రి గూడ నవ్విండు.

పిస్టల్ మూతికి, నా కొడుకు ఈపుకు నడుమ సీటు స్పంజి ఉన్నది. అంతే.

లింగంపేట ఇవతల ఆగస్టు వానకు తెగిన కల్వర్టు ఇంక గట్లనే ఉన్నది. మట్టి పోసి ఇడిసిండ్రు. బండి అండ్ల దిగి ఎక్కెటప్పుడు ధడేల్మన్నది. నాకు తెల్వకుంటనే చెయ్యి పోయి ఆ సంచి మీద పడ్డది. ఏంది ఉస్తాద్ అన్నడు సేటు. రోడ్డుకు భయమైంది అన్న.

వాడు ఆ కల్వర్టు రోజు పోంగ దాటుతడు, రాంగ దాటుతడు.

సెప్టెంబరు 19

అన్నం లోపలికి పోతలేదు.

సెప్టెంబరు 21, పెద్దల అమాస, పెత్రమాస

సేటు ప్లాట్ల వెంచర్ కాడికి వచ్చిండంటె పోయిన. పిస్టల్ ఒక్కపారి ఇయ్యి, నూనె పెట్టాలె అన్న. అది గిప్పుడు మంచిగున్నది, ముట్టకు అన్నడు. ఉస్తాద్‌లకు ఇదే బీమారి, అయిన పనిని మల్ల గెలుకుతరు అన్నడు. ఆడున్న మేస్త్రీలు నవ్విండ్రు.

నా చెయ్యి తప్పింది సేటు అంటె అయిపోతుండె. నోట్లకెంచి రాలే.

ఇంటికొచ్చినంక లింబాద్రికి చెప్పిన, ఆ సంచి అటు పక్క సీటుకు కుట్టిచ్చుమను అని. డ్రైవర్ గాన్ని, సేటు సామాను యాడ పెట్టుకోవాల్నో నేను చెప్పాల్నా బాపు అన్నడు. ఎందుకు అని అడిగిండు. ఊకెనే అన్న.

సెప్టెంబరు 30, మంగళవారం

ఎలక్షన్ కోడ్ వచ్చింది. తుపాకులన్ని స్టేషన్ల పెట్టాలె అని విన్న. లక్ష్మీనర్సమ్మతోని శెనగ గుడాలు ఉడకవెట్టిచ్చుకొని కడుపు నిండ తిన్న.

పొద్దుమూకినంక లింబాద్రి చెప్పిండు. సేటుకు ప్రాణభయం ఉన్నదని పర్మిషన్ ఇచ్చిండ్రట. ఆయన కాడనే ఉంటదట.

అక్టోబరు 2, దసర

మేం కమ్మరోళ్లం. మా తాత కొలిమి కాడికి దసర నాడు ఊరి కొడవండ్లు, గొడ్డండ్లు అన్ని వచ్చెటియి. ఆయన బొట్టు పెట్టి మల్ల ఇచ్చెటోడు. నిన్న సేటుకు గదే చెప్పిన. మా చేతికెంచి పోయిన ఇనుము దసర నాడు మా దాగలి దిమ్మె ముంగట ఒక్కపారి కూసోవాలె, కూసోకుంటె పట్టినోని మీదికే తిరుగుతది అన్న. మీదికి తిరుగుతది అని మా తాత ఎన్నడు అనలే. అది నేను కలిపిన.

సేటు పోలీసులకు భయపడడు, నిమ్మకాయకు భయపడ్తడు. పొద్దుగాలనే గోలీలు తీసి లింబాద్రితోని పంపిండు.

తలుపు పెట్టుకొని, హామర్ ఎక్కించి, ఎన్కకెంచి కొయ్య సుత్తితోని కొట్టిన. గట్టిగ కొట్టలే. పిల్లగాని నెత్తి మీద మొట్టినట్టు కొట్టిన.

హామర్ పడ్డది.

మల్ల ఎక్కించి కొట్టిన. పడ్డది. మూడోపారి కొట్ట చేతగాలే. కల్వర్టు యాదికొచ్చింది.

పోయిన ఇనుము మల్ల రాదు. కొత్త పన్ను తెప్పియ్యాలంటె ఎందుకని అడుగుతరు, అడిగితె చెప్పాలె. అందుకని గోలి ఎన్క కొట్టె సన్న పిన్ను బయటికి తీసి, కొస కోసేసిన. గిప్పుడు హామర్ పడ్తది, టిక్కుమంటది, పేలదు. బయటికి ఏం తెల్వదు. ఎవ్వల అయ్య గూడ కనిపెట్టడు.

పసుపు, కుంకుమ, జమ్మి ఆకు పెట్టి పంపిన. గాంధీ జయంతి అని ఊర్లె యాట గూడ కొయ్యలే, నువ్వు పిస్టల్‌కు మొక్కుతున్నవా అని లక్ష్మీనర్సమ్మ ఒక్కతీర్గ నవ్వింది. నేను గూడ నవ్విన. శాన రోజులకు.

అక్టోబరు 3

పడుకుంటె పొద్దెక్కినంక లేపింది.

అక్టోబరు 8, బుధవారం

లింబాద్రి ఇంటికొచ్చి కాళ్లు గూడ కడగలే. చెప్పుకుంటనే ఉన్నడు. కల్వర్టు కాడ బండి మెల్లగైతె ఎన్కకెంచి రెండు బైకులు వచ్చినయట. మూతికి దస్తీలు. ఒకడు ముంగటికి వచ్చి అడ్డం పెట్టిండట. సేటు అద్దం దించి పిస్టల్ బయట పెట్టిండట. చూసి తిప్పుకొని పోయిండ్రట. నీ పుణ్యమే బాపు, ఏలు పెడితె చాలు పేలుతదని సేటు వాళ్లు వినేటట్టు ఒర్రిండు అన్నడు. రేపటిసంది ఎవ్వనికి భయపడేది లేదు, ఏ యాళ్లకంటె ఆ యాళ్లకు గదే రోడ్డు అన్నడట సేటు.

లక్ష్మీనర్సమ్మ వానికి దిష్టి తీసింది.

ఎన్కకెంచి గోలి రావద్దని పిన్ను కోసిన. ముంగటికెంచి వచ్చెటోన్ని యాది మరిచిన.

అక్టోబరు 10, శుక్రవారం

కామారెడ్డి పోయిన. బస్సుల పోయిన. దారి పొడుగు ఒక్కటే మాట అనుకుంట పోయిన. సేటు ఇంట్ల నిలవడి అన్న.

నా చెయ్యి తప్పింది.

పుట్టినకాడికెంచి ఎవ్వలతోని అనలే గా మాట. మిగిలింది గూడ చెప్పిన. పన్ను చెప్పిన. సంచి చెప్పిన. పిన్ను చెప్పిన.

సేటు ఒర్రలే. ఒర్రితె మంచిగుంటుండె. లేచి తలుపు పెట్టిండు. ఇంకెవ్వలకన్న చెప్పినవా అన్నడు. లేదన్న. చెప్పకు అన్నడు. నా కాడ పేలే పిస్టల్ ఉన్నదని వాళ్లు అనుకున్నన్ని రోజులే నేను బతికుండేది అన్నడు. స్టేషన్ల తెలిస్తె లైసెన్స్ పోతది, కోడ్ అయిపోనీ, కొత్తది తీసుకుంట అన్నడు.

అందాంక ఇంట్లకెంచి బయటికి రాడట. బండి మాత్రం రోజు తిరగాలెనట. గదే రోడ్డు, గదే టైము, నల్లద్దాలు ఎక్కించి. బండి రోడ్డు మీద కనవడకుంటె వాళ్లు ఇంటి మీదికి వస్తరు అన్నడు.

బండ్ల ఎవ్వలుంటరు సేటు అన్న.

డ్రైవర్ ఉంటడు గద అన్నడు.

పని ఇడిసిపెడ్తడు నా కొడుకు అన్న. పెట్టనీ, లైసెన్సు పిస్టల్ కోసినందుకు నీ మీద కేసు, నీ కాడికి తెచ్చినందుకు వాని మీద కేసు, తండ్రికొడుకులు జైల్ల ఒకటే కోళిల ఉండుర్రి ఉస్తాద్ అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు. ముట్టలే.

ఉస్తాద్ అనే మాట గట్ల గూడ అంటరని తెల్వదు.

అక్టోబరు 11, శనివారం

లింబాద్రికి చెప్పిన. వాడు నా దిక్కు చూడలే. గిన్ని రోజులు నా ఈపు మీద ఉన్నది నీ చేతి పనేనా బాపు అన్నడు. అవునన్న. పిన్ను కోసె ముంగట నాతోని ఒక్క మాట చెప్తె ఆనాడే పని ఇడిసిపెట్టకపోదునా అన్నడు.

పనికి పోకు, జైలుకు నేను పోత అన్న. నువ్వొక్కనివే పోతవా, కార్ల పెట్టుకొని తెచ్చినోన్ని నేను, అమ్మ ఒక్కతె బీడీలు చుట్టుకుంట కూసోవాల్నా అన్నడు. బండి తాళంచెవులు జేబుల ఏసుకున్నడు. కోడ్ అయిపోయెదాంక గద, చూద్దాం అన్నడు.

వాడు చూద్దాం అన్నప్పుడు నా దిక్కు చూసిండు. తల దించుకోలే. నేను దించుకున్న.

అక్టోబరు 13, సోమవారం, పొద్దుగాల

కార్లనే రాస్తున్న. అక్షరాలు వంకర పోతున్నయి. సేటు కూసునె జాగల కూసున్న. లింబాద్రి వద్దన్నడు, దిగలే. తోలు సంచి ఉత్తదే ఉన్నది. లక్ష్మీనర్సమ్మ తొవ్వకు నీళ్లిచ్చింది, గదే చెంబుల. కల్వర్టుల దిగినం, సగం నీళ్లు ఒలికినయి.

ఎన్క బైకు వస్తుంది. లింబాద్రి సైడు ఇచ్చిండు. దాటిపోతలేడు. హారన్ కొడ్తలేడు.