బావ లాగిన్

సలోమక్కా, ఫోన్లో చెప్పాలంటే నోరు రావట్లా, అందుకే మెసేజ్ పెడుతున్నా.

మిల్లులో కెమెరా రికార్డింగు డిలీట్ చేసింది జోసెఫ్ బావ కాదు. ఆదివారం చర్చికి పోతా, కెమెరా రికార్డింగులుండే సర్వర్ ఆగితే చూసుకోమని బావ తన పాస్‌వర్డ్ నాకిచ్చాడు. నాకు వేరే లాగిన్ లేదుగా. ఆ రోజే బాలకోటయ్య మామ మిషన్లో పడి చచ్చిపోయినాక మేనేజర్ వచ్చి, "ఒరేయ్, ఆ సర్వర్ తెరిచి బయటికి పోరా" అన్నాడు. తెరిచి పోయినా. ఎందుకని అడగలా.

ఇప్పుడు ఎవరు డిలీట్ చేశారో సర్వర్లో చూపించేకాడ బావ పేరే కనపడతంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇయ్యలేదని బావ స్టేషన్లో చెప్పాడంట. నన్ను తప్పించడానికే అక్కా.

ఇయ్యాల మేనేజర్ బావ లాగిన్ తీసేసి నన్ను అడ్మిన్ చేశాడు. చానా భయంగా ఉంది. ఇది ఎస్సై గారికి చూపించు. ఈ మెసేజ్ మాత్రం నేను డిలీట్ చెయ్యను.