నా ముఖం మీది పులిని దింపించవలసిందిగా

వినోద ప్రదేశాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల పార్కువారు నా ముఖమునకు పులిరంగు పూసి, నన్ను నా కూతురికి కాకుండా చేసినందున, సదరు రంగును నా సెలవు ముగిసేలోగా ఆమె కళ్ళముందే వదిలింపజేయుట గురించి.

నేను సొరంగాలు తవ్వే కంపెనీలో డ్రిల్లింగు మిషను నడుపువాడను. పని దూరాన ఉండుటచేత నెలల తరబడి ఇంటి మొహం చూడను. నా కుమార్తెకు మొన్ననే రెండేళ్ళు నిండినవి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు నన్ను చూసి తల్లి వెనక దాక్కున్నది. నేనూ తొందరపడలేదు. దూరంగా నేలమీద కూర్చుని, చెంచాతో గిన్నె వాయించుకుంటూ, ఆమెను చూడనట్టే నటించుచు వచ్చితిని. ఆమె రోజుకింత జరుగుతూ జరుగుతూ చివరికి నా ఒళ్ళో కూర్చుని, నా ముక్కు పట్టుకుని "నాన్న" అన్నది. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియక మరునాడే పార్కుకు తీసుకుపోయితిని. బుద్ధి గడ్డితిని తీసుకుపోయితినని కూడా తమరు చదువుకోవచ్చును.

ఇక నా ఫిర్యాదులు.

1. సదరు పార్కులో 'అడవి బండి' అను చిన్న రైలు కలదు. పసిపిల్లలతో ఎక్కే పెద్దలు ముఖానికి జంతువు రంగు వేయించుకొనుట తప్పనిసరి అని నిబంధన. ఎందుకని అడిగితిని. "పిల్లలు ఖుషీ అవుతారు సార్" అన్నాడు రంగులు వేసే అతను. పాప అప్పటికే రైలును చూసి గెంతులు వేయుచున్నందున సరేనంటిని. కుందేలు వెయ్యమంటే తెల్లరంగు అయిపోయిందన్నాడు. పులి ఒక్కటే ఉన్నదట.

2. రంగు వేయుట తెర వెనుక జరుగును. పాపను టికెట్లు చింపే అమ్మాయి చేతికిచ్చి నన్ను లోపలికి రమ్మన్నారు. "తెర తీసే ఉంచు బాబూ, పాప చూస్తూ ఉంటే భయపడదు" అని చెప్పితిని. "ముందే చూస్తే మజా పోతుంది సార్" అని తెర లాగేశాడు. అయ్యా, ఈ అర్జీలో తమకు ఒక్క వాక్యం చదివే తీరికే ఉంటే ఆ వాక్యం చదవండి. ఎవరి మజా? తెర లోపలికి వెళ్ళింది పాప వాళ్ళ నాన్న. తెర తీసేసరికి నాన్న చొక్కా తొడుక్కుని పులి నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే పైనున్న స్పీకరులోంచి గాండ్రింపు వచ్చేటట్టు ఏర్పాటు కూడా చేసియున్నారు. అది ఎవరి తెలివో విచారించి కనుక్కోగలరు.

3. పాప కెవ్వుమని కేకవేసి, ఆ అమ్మాయి చేతుల్లోంచి జారి, ఇనుప కమ్మీల కింద దూరి పారిపోయినది. "నేనేనమ్మా, నాన్నని" అంటూ వెంటపడితిని. నేను దగ్గరయ్యేకొద్దీ ఆమె ఏడుపు హెచ్చినది. చూసేవాళ్ళకు అది ఎలా కనపడి ఉంటుందో నాకు తెలియును. కాపలా ఉద్యోగి పాపను ఎత్తుకుని, నన్ను చేత్తో ఆపి, అందరి ముందూ విచారణ మొదలుపెట్టాడు.

"ఈయన ఎవరు పాపా?"

"పులి."

"మరి నాన్న ఏడి?"

పాప నోరు పెద్దగా తెరిచి, "ఆమ్" అని మూసింది.

"పాప ఒప్పుకోవట్లేదు సార్" అన్నాడతను, నేనేదో పెళ్ళిసంబంధం అడగడానికి వచ్చినట్టు.

4. ఫొటోలు చూపిద్దామని ఫోను తీసితిని. అది ముఖం చూసి తెరుచుకునే ఫోను. అదీ వాళ్ళ పక్షమే చేరినది. అంకెలు నొక్కబోతే కోపంలో తప్పులు పడి, ఫోను బిగుసుకుపోయింది. నంబరు కంఠతా వచ్చు గనుక వారి ఆఫీసు నుంచి మా ఆవిడకు ఫోను చేయించితిని. యూనిఫారాలు కుట్టే చోట పని మధ్యలో వదిలేసి వచ్చినది. వచ్చి, నన్ను చూసి, నవ్వింది. ఆ నవ్వును ఈ ఫిర్యాదులో చేర్చుట లేదు. అది మేము ఇంట్లో తేల్చుకుంటాము.

5. పాప ఏడుపు ఆపనందున మా ఆవిడ వెంటనే ఇంటికి తీసుకుపోయినది. ఆ తరువాత గానీ నన్ను కుళాయి దగ్గరకు పంపలేదు. కనుక నేను పులి అవడమే పాప చూసింది. మళ్ళీ మనిషినవడం చూడలేదు. అయినా పూర్తిగా ఎక్కడ అయ్యాను? చెవుల చుట్టూ నారింజరంగు, బుగ్గల మీద నల్లచారలు అలాగే ఉన్నవి. సబ్బు, నూనె, కిరసనాయిలు, మా ఆవిడ గోళ్ళరంగు తుడిచే మందు అన్నీ అయినవి. చర్మం ఊడింది గానీ చార ఊడలేదు. ఆ రోజు నేను ఇంటికి వెళ్ళగానే పాప తలుపు చాటునుంచి తల మాత్రం బయటపెట్టి, "పులీ, నాన్న చొక్కా ఇచ్చెయ్" అన్నది. ఇచ్చేశాను. ఆ చొక్కా పక్కలో పెట్టుకుని పడుకుంటున్నది. నేను గదిలోకి వస్తే లేచి గోడకు అంటుకుపోతున్నది.

6. మేనేజరు గారిని కలిసి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పది రోజుల్లో దానంతటదే పోతుంది సార్, ఇంకో టికెట్టు ఫ్రీగా ఇస్తాం, మళ్ళీ రండి" అన్నారు. ఆయనకు పిల్లలున్నారా అని అడగబోయి ఊరుకున్నాను. ఉన్నారంటే కొట్టేవాణ్ణి. ఎల్లుండి ఉదయం బండికి నేను పనికి వెళ్ళిపోవాలి. మళ్ళీ నెలల తరబడి రాను. అప్పటికి ఈ పిల్లకు నేను గుర్తుంటే పులిగా గుర్తుంటాను, లేకపోతే పులి తినేసిన మనిషిగా గుర్తుంటాను. సొరంగంలో దుమ్ము మింగుతూ నేను ఎవరికోసం తవ్వుతున్నానండీ?

కావున తమరు దయయుంచి, రంగులు వేసే సదరు వ్యక్తిని, రంగు వదిలించే మందుతో సహా, రేపు సాయంత్రంలోగా మా ఇంటికి పంపించవలెను. అతడు పాప ఎదుట, తెర అడ్డం లేకుండా, నెమ్మదిగా, ఒక్కొక్క చార చొప్పున నా ముఖం తుడవవలెను. పార్కులోని తెరను తీయించి పారవేయవలెను. నాకు క్షమాపణ పత్రం అక్కరలేదు. వారిచ్చిన ఉచిత టికెట్టును ఇందుతో జతపరచుచున్నాను. తమ పిల్లలను మాత్రం పంపకండి.

కోపంలో రాసినందున కలం అక్కడక్కడ కాగితాన్ని చింపినది. చిరుగులను మన్నించి విషయమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మెడ కింది నుంచి మనిషే అయిన
డ్రిల్లింగు మిషను ఆపరేటరు

తా.క.: సంతకం పెడుతుండగా పాప తనంతట తానే నా దగ్గరకు వచ్చిందండీ. ఏడవలేదు, దాక్కోలేదు. పులి మీద మంచి కోపంగా ఉంది. నా పొట్టమీద పిడికిలితో తలుపు తట్టినట్టు తట్టి, చెవి ఆనించి, "నాన్నా, బయటికి రా" అన్నది. "వస్తున్నానమ్మా" అన్నాను. అప్పటినుంచి తల్లి అన్నానికి పిలిచినా కదలకుండా నా ఎదురుగానే కూర్చుని చూస్తూ ఉంది. సాయంత్రం దాకా వద్దు. ఆ మనిషిని పొద్దున్నే పంపండి.