అందరి వేషాలూ ఇంట్లోనే

నవంబరు 28, 1976. ఆదివారం.
నిర్ణయం అయిపోయింది! ఈ క్రిస్మస్ నాటకానికి మా ఇంట్లో నలుగురి వేషాలూ ఇంట్లోనే. నా చేతులతోనే.
గుళ్లో పూజ అయ్యాక, ప్రార్థనలు నేర్పే ఉపదేశి మరియదాసుగారు పాత్రలు పంచారు. మా ఆయన జోజప్పకి వడ్రంగి జోజప్ప వేషమే, అదే యోసేపు. నాకు మరియమాత. మా అత్తయ్య రావమ్మకి గొర్రెల కాపరి. మా అమ్మాయి కుమారికి రెక్కల సమ్మనసు, అదే దేవదూత.
"డ్రెస్సులు ఈసారి కూడా బెజవాడ నుంచేనా?" అని ఎవరో అడిగారు.
"అక్కర్లేదండీ! అందరికీ మా ఆవిడే కుడుతుంది" అన్నారు మా ఆయన.
నేను ఇంతవరకూ కుట్టినవి దిండు గలీబులు. అయితేనేం! గలీబుకి మూడు కంతలు పెడితే చొక్కాయే కదా.

నవంబరు 29.
అసలు సంగతి రాసుకోవాలి. పోయినేడు బెజవాడ నుంచి పొరపాటున ఏదో పద్యనాటకం డ్రెస్సుల పెట్టె వచ్చింది. వడ్రంగిగా నిలబడాల్సిన మా ఆయన కిరీటంతో, భుజకీర్తులతో నిలబడ్డారు. "పద్యం అందుకోవయ్యా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనమంతా నవ్వారు. ఆయనా నవ్వేశారు. కుమారి మాత్రం నవ్వలేదు. ఏడాదిగా బళ్లో దాన్ని 'పద్యం పిల్ల' అంటున్నారట. అప్పటి నుంచి గుడికి వెళ్లేటప్పుడు వాళ్ల నాన్నతో కలిసి నడవదు. వెనకబడి వస్తుంది.
ఇవాళ తేల్చి చెప్పింది.
"నాన్న డ్రెస్సు చూశాకే నేను వేసేదీ లేనిదీ చెప్తా."
"బ్రహ్మాండంగా ఉంటుంది చూడు!" అన్నాను.
ఆయన వాకిట్లో సైకిలు తుడుస్తూ అంతా విన్నారు. తుడిచిన చోటే మళ్లీ తుడిచారు.

డిసెంబరు 3.
పక్కింటి ఖతీజాబీ తన చేతిమిషను ఇచ్చింది. "పండగ ముందు నాక్కావాలక్కా, పెళ్లి జాకెట్లున్నాయి" అంది. అప్పటిదాకా ఎందుకు, వారంలో ఇచ్చేస్తానన్నాను!
ముందు అత్తయ్య కొలతలు.
"నాకెందుకే కొలతలు? గొర్రెలు కాసేవాళ్లు ఇంతకంటే మంచి చీర కడతారా?" అని కట్టుకున్న చీరే చూపించింది.
ఒక వేషం పూర్తి. మిషను మీద చెయ్యి వెయ్యకుండానే!

డిసెంబరు 9.
నా వేషం. తెల్ల దుప్పటిని నీలిమందులో నానబెట్టాను. నీలం చారలు చారలుగా పట్టింది. పర్లేదు. బెత్లెహేములో చారల దుప్పట్లు ఉండవా ఏంటి?
నా చేతులకి మాత్రం చక్కగా పట్టింది, మోచేతుల దాకా. సబ్బుతో పోలేదు. కుంకుడుకాయలతో పోలేదు. చింతపండుతోనూ పోలేదు. ఆదివారం పూజలో చేతులు కొంగులో దాచుకోవాలి.

డిసెంబరు 14.
ఆయన అంగీ పూర్తి! గోధుమరంగు గుడ్డ, పొడుగు చేతులు.
తల పట్టలేదు. "ప్రేమా, ఊపిరాడట్లేదు" అని లోపలి నుంచి వినపడింది. మెడ పెద్దది చేశాను. ఇప్పుడు భుజాల మీద నిలవడం లేదు. చంకల దగ్గరేమో బిగుతు.
"ఎలా ఉందండీ?"
"బానే ఉంది. చేతులు ఎత్తకుండా ఉంటే చాలు."

డిసెంబరు 18.
రెక్కలు. వెదురు బద్దలు, పాత పేపర్లు, మైదా జిగురు, పైన పత్తి. చూడముచ్చటగా వచ్చాయి! ఎండలో పెట్టి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ఖతీజాబీ మేక ఎడమ రెక్క మొత్తం తినేసింది. కుడి రెక్క రుచి చూస్తోంది.
కుమారి పక్కకి తిరిగి నిలబడితే సరి. పక్క నుంచి చూస్తే ఎవరికైనా ఒక రెక్కే కనపడుతుంది. బడి గౌను మీద ఇంకో తెల్ల దుప్పటి చుడితే సమ్మనసే.

డిసెంబరు 21.
ఇవాళ కుట్టలేదు. కారణాలు: జంతికలు వండాలి. సూది విరిగింది. నడుం పట్టేసింది. ఖతీజాబీ మిషను తీసుకెళ్లిపోయింది. (ఇది ముందు రాయాల్సింది.)

డిసెంబరు 23.
అంగీని కొంగు కింద దాచుకుని దర్జీ చాంద్‌బాషా కొట్టుకి వెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇదేంటమ్మా?"
"అంగీ."
"ఎవరికి?"
"జోజప్పగారికి."
"మీ ఆయనకా, నాటకంలో ఆయనకా?"
"ఇద్దరికీ."
"పండగ బట్టలతో చస్తున్నానమ్మా. పండగెళ్లాక తెండి."
పిన్నీసులు కొనుక్కుని వచ్చాను.
సాయంత్రం ఆయన మెల్లగా అన్నారు. "నా వల్ల పిల్ల సరదా పోకూడదు ప్రేమా. నేను తప్పుకుంటాలే. నా వేషం ఇంకెవరికైనా ఇమ్మందాం."
గుమ్మంలో కుమారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! వాళ్ల నాన్న వంక చూడలేదు.
"అమ్మా, రెక్క ఎలా కట్టుకోవాలో చూపించు" అంది. అంతే.

డిసెంబరు 25.
నిన్న నాటకం అయింది. అయింది అనే రాయాలి.
నేనూ ఆయనా సత్రం ముందుకి వచ్చాం. సత్రం యజమాని మరియదాసుగారే. మా ఆయన తలుపు కొట్టాలి. కొట్టాలంటే చెయ్యి ఎత్తాలి. ఎత్తారు. పర్రుమంటూ చంక నుంచి కింద దాకా చిరిగింది. పిన్నీసులు ఎటు పోయాయో! అంగీ కాళ్ల దగ్గర కుప్పగా పడింది. బనీను, చారల లాగు. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.
నవ్వులే నవ్వులు. "ఈసారైనా పద్యం పాడవయ్యా!" అని అరుపు. ఈసారి ఆయన నవ్వలేకపోయారు. నేను నీలం చేతులతో అలాగే నిలబడిపోయాను.
మరియదాసుగారు ఏం చెయ్యాలో తోచక తన మాట చెప్పేశారు. "ఇక్కడ చోటు లేదు! పొండి!"
వెనక బల్ల మీద నుంచి కుమారి దూకింది. సమ్మనసు రావాల్సిన ఘట్టం కాదది. ఒంటి మీది తెల్ల దుప్పటి లాగేసి వాళ్ల నాన్నకి కప్పింది. భుజం మీద ముడేసింది. చెయ్యి పట్టుకుంది.
"మా నాన్న చలికి వణుకుతున్నాడు. మీకు కనపట్టంలా?"
అది నాటకంలో మాట కాదు. నవ్వులు ఆగిపోయాయి.
"వెనక... పాక ఉందమ్మా" అన్నారు మరియదాసుగారు.
కథ దారిలో పడింది. తరవాత సమ్మనసు బడి గౌనులోనే శుభవార్త చెప్పింది. గొర్రెల కాపరి చీర అందరికంటే బాగుందని ఫాదర్‌గారు మెచ్చుకున్నారు.
ఇంటికి వచ్చేటప్పుడు తండ్రీకూతుళ్లు ముందు నడిచారు. ఆయన ఆ దుప్పటి తియ్యలేదు. నేనూ అత్తయ్యా వెనకబడ్డాం. కావాలనే.

డిసెంబరు 27.
ఇక సూది ముట్టను. దిండు గలీబులు కూడా కొట్లోనే కొంటాను. రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 1, 1977.
పూజ అయ్యాక ఫాదర్‌గారు ఈస్టరు నాటకం మాట ఎత్తారు. రోమా సైనికులు కావాలట.
"డ్రెస్సుల బెంగ లేదండీ..." అని ఆయన మొదలుపెట్టారు. నేను ఆయన చొక్కా పట్టుకు లాగాను. ఆయన ఆగారు.
ఆ మాట కుమారి పూర్తి చేసింది. "మా అమ్మ కుడుతుంది ఫాదర్! నేనూ నాన్నా పక్కపక్కన నిలబడతాం."
అయితే ఈసారి బాగా ఆలోచించాను. సైనికులకి కావాల్సింది కవచాలు. కవచాలకి నూనె డబ్బాలు కత్తిరిస్తే చాలు. రేపటి నుంచే మొదలు. అన్నీ ఇంట్లోనే!
రేకు చిరగదు కదా.