వేయని స్విచ్చు

శుక్రవారం రాత్రి, పుప్పాలగూడ

రేపు ట్రెక్కింగ్. కొండ మీద రెండు రోజులు కరెంటుండదని నిన్న రాత్రే పవర్ బ్యాంక్ ఛార్జింగ్‌కి పెట్టాను. పొద్దున చూస్తే ఖాళీ. ప్లగ్గు పెట్టే ఉంది, స్విచ్చు ఆఫ్‌లో ఉంది. వంట చేసే యాదమ్మకు కనబడిన స్విచ్చల్లా ఆర్పే అలవాటు. అప్పుడామె నా ప్రయాణానికని జొన్నరొట్టెలు కరకరలాడేలా కాలుస్తోంది.

"అన్నిటి మీదా చెయ్యి వేయకపోతే తోచదా నీకు?" అని అరిచాను.

"నేను బంద్ చేయలే మేడం," అంది. నా ముఖం చూసి, "సరే, ఇగ ముట్ట," అని పెనం వైపు తిరిగింది.

పని ముగించుకుని వెళ్లేటప్పుడు రొట్టెలూ పల్లీల పొడీ విడివిడిగా కట్టి, "కొండ మీద పైలం మేడం," అంది. నేను ఫోన్‌లోంచి తలెత్తలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పవర్ బ్యాంక్ మళ్లీ ప్లగ్గులో పెట్టాను. ఇందాక చూస్తే ఒక్క లైటూ వెలగడం లేదు. స్విచ్చు వేయలేదు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

అయినా ఆమె వచ్చింది పొద్దున ఏడింటికి. అప్పుడు ఆర్పితే రాత్రంతా ఎక్కిన ఛార్జింగ్ ఎటు పోతుంది? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం నాది. తప్పు ఎక్కడుందో పట్టుకున్నందుకే జీతమిస్తారు.

ఫోన్ చేస్తే "చెప్పుండ్రి మేడం" అంటుంది. ఆ తర్వాత నేను చెప్పాల్సిన మాటే నాకు...