నాలుగు బకెట్లు

మంగళవారం, రాత్రి

ఇవాళ మైత్రీవనం బిల్డింగ్ వెనక నెట్ సెంటర్‌లో ఆ గ్రహాంతర యుద్ధం ఆట చివరి దశ దాటాను. నేను దూరం నుంచి నడిపించే నలుగురు సైనికులకూ మా రూమ్ వాళ్ల పేర్లే పెట్టాను. శీను, రఘు, బాషా, నేను. అంతరిక్ష ఓడ కదలాలంటే ఒకడు వెనక ఉండిపోయి తలుపు కాయాలి. నా పేరున్నవాణ్నే ఉండమన్నాను. ముగ్గురూ క్షేమంగా వెళ్లిపోయారు.

"గెలిచినవ్ గదన్నా, గట్ల కూసున్నవేంది?" అన్నాడు సెంటర్ యాదగిరి.

ఆ ముగ్గురూ నిజంగానే ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయారు, బకెట్లు నాకొదిలేసి. హాస్టల్లో ముందు లేచినవాడు రూమ్ మొత్తానికీ స్నానాల లైన్లో బకెట్లు పెట్టాలి. పొద్దున అలవాటుగా నాలుగూ పెట్టేశాను.

"మిగతావాళ్లు ఏరండీ?" అన్నాడు వెనకాయన.

"వస్తున్నారు" అన్నాను.