ఇల్లు కదలొద్దన్నారు

అక్టోబర్ 9

లాయర్ దగ్గరికి వెళ్లొచ్చాను. విడిపోదామని నేనూ మియోద్రాగ్ సెప్టెంబర్‌లోనే అనుకున్నాం. మూడో మనిషి లేదు, కొట్లాట లేదు. ఎక్కడ చెడిందని ఎవరైనా అడిగితే ఇద్దరమూ నీళ్లు నములుతాం. మా అమ్మాయి దున్య దగ్గరే ఆగిపోయింది వ్యవహారం. దానికి పదేళ్లు. నా దగ్గరుంటుందని నేను, తన దగ్గరుంటుందని అతను.

లాయరమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. జీతం వేరే ఖాతాలో వేయించుకో. ఫ్లాట్ లోన్ ఇద్దరి పేరా ఉంది కాబట్టి కోర్టు ఏం తేల్చినా బ్యాంకుకి అనవసరం, అతను కట్టడం మానేస్తే నీ మెడకే చుట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు కదలొద్దు. పిల్లని అలవాటైన చోటి నుంచి తీయడానికి కోర్టు ఇష్టపడదట. ముందు గడప దాటినవాళ్లే నష్టపోతారట.

అన్నిటికీ తలూపాను. ఫార్మసీలో రోజంతా ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో జనానికి చెప్పే మనిషిని. ఇవాళ నాకు చెప్పింది సగం బుర్రకెక్కలేదు.

అక్టోబర్ 11

మియోద్రాగ్ కూడా సలహాకి వెళ్లొచ్చాడు, కుమ్ వుకాషిన్ దగ్గరికి. కుమ్ అంటే ఇంటి మనిషి లెక్క. వుకాషిన్ మా పెళ్లికి సాక్షి, దున్యకి బాప్టిజం ఇప్పించినవాడు, వృత్తికి వకీలు. మా ఇద్దరికీ కుమ్ కాబట్టి ఎవరి తరఫునా కోర్టుకి రాడట. ఉచిత సలహా మాత్రం ఇచ్చాడు. ఇల్లు కదలొద్దని.

అక్టోబర్ 12

అంటే ఇద్దరమూ ఇక్కడే.

అక్టోబర్ 20

అతను హాల్లో సోఫా మీద. ఫ్రిజ్‌లో పై అర నాది, కింది అర అతనిది. కాఫీ పొడి రెండు ప్యాకెట్లెందుకని దున్య అడిగింది. ఆఫర్‌లో వచ్చిందన్నాను. నమ్మలేదు.

ఫార్మసీలో నాతో పనిచేసే యాద్రాంకా వెంటనే బయటికొచ్చేయమంటుంది, ఆరోగ్యం పోతుందని. ఇంటర్నెట్‌లో తల్లుల గ్రూపు ఛస్తే రావద్దంటుంది. అందరి మాటా సబబుగానే ఉంటుంది, అదే నా ఖర్మ.

అక్టోబర్ 29

దున్యకి చెప్పాం. ఇద్దరూ కలిసి చెప్పాలి, ఒకే మాట చెప్పాలి, ఒకరినొకరు తప్పుపట్టకూడదు అని లాయరమ్మ నేర్పింది. వంటింట్లో రిహార్సల్ వేసుకున్నాం. అతను ప్రతిసారీ మధ్యలో మర్చిపోయాడు. నవ్వొచ్చింది. ఇద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

దున్య అంతా విని, అయితే ఎవరు వెళ్లిపోతున్నారని అడిగింది. దానికి రిహార్సల్ లేదు. బామ్మకి మేమే చెప్తాం, నువ్వు చెప్పకు అన్నాం.

నవంబర్ 6

మేం తేల్చుకోలేదు కాబట్టి కోర్టు సంక్షేమ కేంద్రాన్ని అభిప్రాయం అడిగింది. బ్రాంకా అనే ఆవిడ రెండు వారాల్లో ఏదో ఒక రోజు ఇంటికి వస్తుంది. చెప్పి రాదు.

ఇక చూడాలి మా భక్తి. పొద్దున్నే అతను పాన్‌కేకులు వేస్తాడు. సాయంత్రం నేను లెక్కలు చెప్తాను. చెప్పినవే రాత్రి అతను మళ్లీ చెప్తాడు. పాపం, దున్య ఒకే హోంవర్క్ రెండుసార్లు చేస్తోంది.

నవంబర్ 10

పదహారున జూర్జిత్స్, మియోద్రాగ్ వాళ్ల ఇంటి సెయింటు పండగ. ఈ ఏడు చెయ్యొద్దనుకున్నాం. మా మధ్య కుదిరిన మొదటి ఒప్పందం ఇదే.

తర్వాత గుర్తొచ్చింది. ఇంటి సెయింటు పండక్కి, అదే స్లావాకి, ఎవరినీ పిలవరు. వచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. పిలవనివాళ్లని రావద్దని ఎలా చెప్పడం?

నవంబర్ 15

అత్తయ్య దిగింది. పీరోట్ నుంచి బస్సులో, ఒళ్లో సర్మ గిన్నెతో, క్యాబేజీ ఆకుల్లో ఖీమా చుట్టి వండింది. గోధుమలు నానబోశావా అని అడిగింది. ఆవిడకింకా ఏమీ తెలీదు. నానబోశాను.

నవంబర్ 16, సాయంత్రం ఏడు

పొద్దున్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. కింద ఫ్లాట్ల వాళ్లు, అతని ఆఫీసువాళ్లు, దున్య టీచరు, ఎవరి తరఫునా రానన్న కుమ్ వుకాషిన్. కొవ్వొత్తి వెలుగుతోంది. మియోద్రాగ్ ఆనవాయితీ ప్రకారం కూర్చోకుండా అందరికీ పోస్తున్నాడు. నేను వంటింటికీ హాలుకీ తిరుగుతున్నాను. అలవాటు ఎంత చెడ్డదో, అతను చెయ్యి చాపితే ఏం కావాలో అడగకుండానే అందిస్తున్నాను.

గుమ్మం దగ్గర ఉడికించిన గోధుమల పళ్లెం పట్టుకుని దున్య నిలబడింది, వచ్చినవాళ్లకల్లా ఒక చెంచా. మధ్యాహ్నం పన్నెండింటికి ఒకావిడ వచ్చింది, చంకలో ఫైలు. దున్య పళ్లెం చాపింది. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని తినేసింది. లోపలికి రాగానే అత్తయ్య కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు సర్మలు వడ్డించింది. ఎవరమ్మాయివని అడిగింది. నోట్లో ముద్దతోనే, దున్య కేసు గురించి సంక్షేమ కేంద్రం నుంచి వచ్చానంది ఆవిడ.

వుకాషిన్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య అరవలేదు.

"ఇంత గిన్నె నా చేత మోయించి, ఇప్పుడా చెప్పేది?"

వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లాను. వాడు కొట్టాడా, తాగాడా అని అడిగింది. లేదన్నాను. అయితే నాకేమీ అర్థం కావట్లేదంది. నాకూ అంతే అత్తయ్యా అన్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందే ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

బ్రాంకా దున్యని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది. బయటికొచ్చాక మా ఇద్దరినీ పిలిచి, దున్య ఇది మీతో చెప్పమందని చెప్పింది.

"పండగనాడు ఇంటివాళ్లు ఎక్కడికీ పోరు కదా, వచ్చేవాళ్లే వచ్చి పోతారు. నేనిక్కడే ఉంటా. వాళ్లిద్దర్నీ వచ్చి పోతుండమనండి."

నవంబర్ 17

ఇల్లు కదలాల్సింది మేమిద్దరమూనట.

డిసెంబర్ 22

ఇలా ఎవరూ చెయ్యరంది లాయరమ్మ. చెయ్యకూడదని ఎక్కడా లేదన్నాడు వుకాషిన్, ఒప్పందం తనే రాసిపెట్టాడు. దున్య ఫ్లాట్‌లోనే. మేం వారానికొకరం. నా ఖాళీ వారం అక్క దగ్గర, అతనిది అద్దె గదిలో. దున్యకి పద్దెనిమిది నిండేదాకా ఫ్లాట్ అమ్మకూడదు. లోన్ కోసమే ఒక ఉమ్మడి ఖాతా, ఇద్దరమూ చెరిసగం. బ్యాంకుకి ఇవేవీ పట్టవని లాయరమ్మ మళ్లీ గుర్తుచేసింది.

పిల్ల నివాసం ఎవరితోనని జడ్జి అడిగారు. ఎవరో ఒకరి పేరు ఉండాలట. మియోద్రాగ్ వాళ్లమ్మ పేరు రాయండన్నాడు. మూడు నెలలు దానికోసమే కదా నిద్రలేకుండా కొట్టుకున్నాను. గెలిచానా? బస్టాప్‌లో అతని మఫ్లర్ సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నవంబర్ 16

మళ్లీ జూర్జిత్స్. ఈ వారం అతనిది. ఎవరూ పిలవలేదు. వైన్ సీసా, చాక్లెట్ డబ్బా కొనుక్కుని వెళ్లాను. లోపల మాటలు వినిపిస్తున్నాయి. తాళంచెవి పర్సులోనే ఉంది.

బెల్ కొట్టాను. దున్య పళ్లెంతో వచ్చింది.