నేను కడిగేసిన జొన్న విత్తనం

మెదక్ జిల్లా, నంగునూరు మండలం, మా బాయికాడి కొట్టంలో కూర్చొని, రాజనర్సు, సుశీలల బిడ్డనైన నేను, అనసూర్యను, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, మతి సరిగ్గా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టంతో రాస్తున్న కాగితం ఇది. మతి సంగతి తమ్ముడు సుధాకర్ ఒప్పుకోడు. రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం, మామిడిపండ్లు ముందర పెట్టుకొని వీలునామా రాసేదాన్ని వాడు ఇంకో పేరుతో పిలుస్తాడు.

కారణం చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం నా గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. జూన్ అయిదున హైదరాబాదులో ఆపరేషన్. నూటికి తొంభై మంది లేచి నడుస్తారని డాక్టరు ధైర్యం చెప్పాడు. నూటికి తొంభై అనేది నాకు ఏ పరీక్షలోనూ అందని అంకె. అందుకే రాస్తున్నాను.

1. ఈ కాగితంలో ఉన్నవన్నీ జరిపించే బాధ్యత మా అమ్మ సుశీలది. బాపుకు అప్పగిస్తే మధ్యలో తన షరతులు నాలుగు కలుపుతాడు. అమ్మకు చదువు రాదు. కానీ ప్రతి ఎండాకాలం ఆమె చింతపండు కొడుతుంటే నేను పక్కన కూర్చొని చదివిన కథలన్నీ వింది. “గా పిల్ల గట్ల ఒక్కతే యాడికి వోతది? దానికి అవ్వ లేదా?” అని కథ రాసినవాళ్ళను నిలదీసింది. కాన్వెంటులో నాకు సాహిత్యం చెప్పిన సిస్టర్లెవరూ అంత మంచి ప్రశ్న వేయలేదు.

2. నా పుస్తకాలు నలభై మూడు, అవి పెట్టుకునే రేకు పెట్టెతో సహా, సుధాకర్‌కు చెందాలి. షరతు ఒకటుంది. చింతపండు కొట్టే రోజుల్లో అమ్మకు రోజూ ఒక గంట చదివి వినిపించాలి. వర్ణనలు వచ్చినచోట పేజీలు తిప్పేయకూడదు. వాడు పదో తరగతి తప్పినప్పుడు నేను “నీ తలకాయల ఎర్రమన్నే ఉన్నది” అన్నాను. మరుసటి వారమే మోటారు నీళ్ళు ఎత్తడం మానేస్తే, వాడు పైపుకు చెవి పెట్టి విని, “గాలి గుంజుతున్నది, నీళ్ళు ఇంక మూరెడు కిందికి వోయినయ్” అని చెప్పాడు. తాడు దించి చూస్తే మూరెడే. తప్పయిందని అప్పుడే అనాల్సింది. పుస్తకంలో తల దూర్చాను. అలా తల దూర్చడమే నా జీవితంలో నేను బాగా నేర్చుకున్న పని.

3. నా కాన్వెంటు నీలం స్కర్టు, తెల్ల చొక్కా ఇవ్వడానికి లేవు. రెండేళ్ళుగా దిష్టిబొమ్మ వేసుకుంటోంది. నేను వేసుకున్నప్పుడు ఎవరూ భయపడలేదు. ఇప్పుడు చిలకలు కూడా దూరంగా పోతున్నాయి. ఆ బట్టలు ఆమెవే.

4. నా ఇంగ్లీషు నిఘంటువు సిద్దిపేట మోటారు మెకానిక్ జానీ పాషాకు. ఎండాకాలంలో కరెంటు వచ్చే రెండు గంటల్లోనే మా మోటారు కాలిపోతుంది, ఆయన సైకిలు మీద వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన నూనె చేతులు చూసి, నా పుస్తకం దూరం జరిపి, జాగ్రత్తగా పనిచేయమని ఇంగ్లీషులో చెప్పాను. “కరెంటుకు ఇంగ్లీష్ రాదు బీబీ, నాక్కూడ రాదు” అని నవ్వాడు. తర్వాత తెలిసింది, చుట్టుపక్కల ముప్పై బావుల మోటార్లకు ఎన్నెన్ని చుట్లు తీగ చుట్టాలో ఆయనకు నోటికి వచ్చు. ఏ కాగితం మీదా రాసుకోలేదు. నాకు పదమూడో ఎక్కం దగ్గర ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి.

5. ఇక్కడిదాకా రాసినవి తేలిక. కొండవ్వ దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు లేచి నీళ్ళు తాగాను.

మా చేన్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి కొండవ్వ. మా పచ్చజొన్న విత్తనం ఆమె చేతిలోనే ఉండేది. కోతలప్పుడు మంచి కంకులు ఏరి, గింజలు ఎండబెట్టి, బూడిదలో కలిపి, యాపాకు వేసి, కుండలకు పోసి, మూతి పేడతో మూసేది. ఆమెది మంచి చెయ్యి అని ఊళ్ళో పేరు. మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చి విత్తనం వేసే పొద్దున, తొలి పిడికెడు ఆమెతో వేయించుకోవడానికి మూడు వాడల వాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు.

మూడేళ్ళ కింద, ఇంటర్ అయిపోయిన సెలవుల్లో, ఈ కొట్టం శుభ్రం చేస్తానని నేనే ముందుకొచ్చాను. పేడ పూసిన నాలుగు కుండలు కనిపించాయి. మూత పగలగొడితే లోపల బూడిద, బూడిదలో గింజలు. కొండవ్వ ఎంత మురికి మనిషో అనుకున్నాను. ఆరోగ్యశాస్త్రంలో నాకు ప్రైజు వచ్చింది మరి. నాలుగు కుండల విత్తనం గోలెంలో వేసి, గింజ తళతళలాడేదాకా మూడు నీళ్ళు కడిగాను. సంచుల మీద ఒక పూట ఆరబోశాను. సాయంత్రానికి చదువుతున్న కథ మంచి పట్టులో పడింది. గింజ లోపల ఆరిందో లేదో చూడకుండా కుండలకు ఎత్తి, మూత గట్టిగా బిగించి, మీద పేడ కూడా మళ్ళీ పూశాను. పేడ పని చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

మిరుగు రోజు బాపు పదిమంది ముందర కుండ తెరిచాడు. కల్లు వాసన వచ్చింది. సగం బూజు, సగం మొలకలు. బాపు తల ఎత్తేలోపే కొండవ్వ నా వైపు ఒకసారి చూసి, “నేనే పటేలా. తడి సూడకుంట వోసిన” అంది. “ఇరవై ఏండ్లకెల్లి లేని తడి గిప్పుడు యాడికెల్లి వచ్చిందే?” అన్నాడు బాపు. “ముసలిదాన్నయిన గదా” అంది. “ఇత్తనం కాపాడని చెయ్యి శేన్ల ఎందుకు?” అన్నాడు బాపు.

నేను గుంజ పక్కనే ఉన్నాను. నాకు నోరుంది, రెండు భాషల్లో మాట్లాడగలదు. ఒక్కదానిలోనూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి కొండవ్వ రోడ్డు పనికి పోతోంది. తొలి పిడికెడుకు ఆమెను ఎవరూ పిలవలేదు. మిరుగు పొద్దున తాను ఎవరికీ ఎదురు రావద్దని తలుపు వేసుకొని కూర్చుంటుందట. రెండు మిరుగులు అలా గడిచాయి. మూడోది పది రోజుల్లో వస్తుంది.

కాబట్టి తెలియజేయడమేమంటే: ఆ విత్తనం పాడుచేసింది కొండవ్వ కాదు. నేను.

6. మా బాపమ్మ బుచ్చవ్వ పోయేముందు నా పేర రాసిన ఎకరం పది గుంటల మెట్ట చెల్క, నా తదనంతరం, సర్వ హక్కులతో కొండవ్వకు చెందాలి.

7. పై ముక్క రాసి, బాగుందని మళ్ళీ చదువుకున్నాను. “నా తదనంతరం” అన్నచోట ఆగిపోయాను. నేను బతికితే ఈ కాగితం రేకు పెట్టెలోకి పోతుంది, కొండవ్వ మూడో మిరుగుకూ తలుపు వేసుకుంటుంది. నూటికి తొంభై పాళ్ళు జరిగేది అదే. మూడేళ్ళు ఆలోచించి, ధైర్యం చేసే పని నా శవానికి అప్పగించానన్నమాట. ఇంత తెలివితక్కువ వీలునామా ఈ మండలంలో ఇంకొకటి ఉండదు. అందరినీ పిలిచి చదవడానికి పోతున్నాను.

8. చదివిన తర్వాత, అదే రోజు, అదే కొట్టంలో చేర్చింది.

బాపు, అమ్మ, మోటారు దగ్గర ఉన్న జానీ పాషా వచ్చారు. సుధాకర్ సైకిలు మీద కొండవ్వను ఎక్కించుకొచ్చాడు. మొదటి ముక్క నుంచి వరసగా చదివాను. అయిదో ముక్క అయ్యేసరికి బాపు చేతిలో బీడీ తనంతట తనే ఆరిపోయింది.

“నాకెరుకే గద బిడ్డా” అంది కొండవ్వ. “నేను పూసిన పేడ మీద నా చేతి ఏళ్ళ గుర్తులుంటయ్. నువ్వు ఇస్తరాకుతోని పూసినవ్.”

మరి ఎందుకు మీద వేసుకున్నావని అడిగాను.

“గుండె జబ్బు పిల్లవు. మీ బాపు నోరు మా చెడ్డది. ఆడ్నే పడి పాణం ఇడుస్తవేమో అని బుగులయింది. తెల్లారి నువ్వే చెప్తవనుకున్న. తెల్లారనే లేదు నీకు.”

ఆ మాటను అన్నది అన్నట్టే ఇక్కడ రాసుకున్నాను.

బాపు ఆరిన బీడీ కింద పడేశాడు. “మిరుగు నాడు నీ వాకిట్ల నిలవడి నేనే పిలుస్త కొండవ్వా. తప్పు నాదని అందరు ఇనంగ చెప్త. డప్పు గూడ తెస్త.”

“డప్పెందుకు పటేలా, నేను సచ్చిన్ననుకుంటరు!” అంది. నవ్వింది, ఏడ్చింది కూడా. అమ్మ ఆమెను పట్టుకొని కూర్చుంది.

ఆరో ముక్క చదివితే కొండవ్వకు నచ్చలేదు. “నువ్వు సచ్చినంక ఇచ్చుడేంది? నువ్వు నూరేండ్లు బతికితె నేను ఎదురు సూసుకుంట కూసోవాల్నా? ఇచ్చేదుంటె గీ మిరుగుకే ఇయ్యి, నేను దున్నుకుంట.” ఆమె చెప్పింది న్యాయం. బాపు కాదనలేదు. అందుచేత ఆరో ముక్క కొట్టేశాను. ఆ చెల్క ఈ రోజు నుంచే కొండవ్వది. నేను దవాఖాన నుంచి వచ్చాక ఆమె పేర పట్టా చేయిస్తాను. రాకపోతే బాపు చేయిస్తాడు, అందరి ముందర ఒప్పుకున్నాడు.

చివరికి సాక్షుల దగ్గర ఆగాం. వీలునామాలో ఆస్తి వచ్చే మనిషి దాని మీద సాక్షి కాకూడదని, దస్తావేజులు రాసేవాళ్ళ దగ్గర విన్నానని జానీ పాషా చెప్పాడు. తమ్ముడు అలా తప్పుకున్నాడు. ఈ కాగితంలో తాము జరిపించాల్సిన పనులున్నాయని అమ్మ, బాపు కూడా పక్కకు జరిగారు. నిఘంటువు ఇప్పుడే తీసుకుంటానని జానీ పాషా నాలుగో ముక్క కొట్టేయించాడు. ఇక కొండవ్వకు ఈ కాగితంలో రావలసింది ఏమీ లేదు. కాబట్టి నేను నిజం చెప్పానని ఆమె సాక్ష్యం పెట్టవచ్చు.

సిరా పెట్టె లేదు. జానీ పాషా మోటారు నుంచి నల్ల గ్రీజు తీసి ఇచ్చాడు. ఎడమ బొటనవేలు చాలునన్నాడు. “గది కాదు, ఇత్తనమేసే చెయ్యి గిది” అని కొండవ్వ కుడి చెయ్యి ముందుకు పెట్టింది.

తేదీ: 28 మే 1989

(సంతకం) రా. అనసూర్య

సాక్షులు:
జానీ పాషా, మోటారు మెకానిక్, సిద్దిపేట (సంతకం)
కొండవ్వ, వ్యవసాయం, సొంత చెల్క (కుడి చేతి బొటనవేలి ముద్ర)